తలెత్తొద్దు

కుంపటి మీద అన్నం ఉడుకుతోంది. తలుపు బిగించి ఉంది. కిటికీకి నల్ల కాగితం. లాంతరు చిమ్నీకి కూడా నల్ల కాగితమే చుట్టారు, అడుగున మాత్రం అప్పచ్చంత వెలుగు. బయటికి పోయే దారి లేక బొగ్గు పొగ గదిలోనే సుళ్లు తిరిగి కళ్లల్లో దూరుతోంది. పసివాడు దగ్గుతున్నాడు. తలుపు కొంచెం తీద్దామా అని తల్లి మొగుడి వైపు చూసింది. అతను అడ్డంగా తలూపాడు. నిన్ననే వార్డెన్ వచ్చి తిట్టిపోయాడు.

1942 డిసెంబరు 20. ఆదివారం రాత్రి. హౌరాలో టికియాపారా, రైలు పట్టాల పక్క బస్తీ.

బయట చలి. నది మీంచి వచ్చిన మంచు, బెలిలియస్ రోడ్డు ఫౌండ్రీల పొగ కలిసి మనిషి ఎత్తున పరుచుకున్నాయి. పైన మాత్రం ఆకాశం శుభ్రంగా ఉంది. మార్గశిర పున్నమికి ఇంకా రెండు రోజులే. ఊరు ఊరంతా దీపాలార్పుకుని, మోటారు బండ్ల లైట్లకు నల్లరంగు పూసుకుని, అద్దాలకు కాగితం పట్టీలు అంటించుకుని, విక్టోరియా మెమోరియల్ తెల్ల పాలరాయిని సైతం నల్లగా కప్పేసే భయంలో బతుకుతుంటే, ఈ పట్టాలు మాత్రం వెన్నెల్లో తళతళా మెరుస్తూ హౌరా స్టేషన్ ఇటుందని పైనొచ్చే జపాన్‌వాడికి వేలెట్టి చూపిస్తున్నాయి. చంద్రుడికి బ్లాకవుట్ లేదు.

గుమ్మం బయట అరుగు మీద దుప్పటి కప్పుకుని పెద్దాయన కూర్చున్నాడు. ఆ ఇంటాయనకి అన్న. అయిదు నెలల కిందట ఊరినుంచి వచ్చాడు. రాత్రిళ్లు నిద్రపోడు. ఎవరైనా అడిగితే, "నిద్ర రాదు బాబూ" అంటాడు. అంతకుమించి చెప్పడు.

అందరికంటే ముందు అతనే లేచి నిలబడ్డాడు.

తర్వాత మోగింది సైరన్. లేచింది. పడింది. మళ్లీ లేచింది. బస్తీలో కుక్కలన్నీ ఒక్కసారిగా ఏడుపందుకున్నాయి.

"సూద్దాం ఉండన్నా, ఎటేపునుంచి వస్తన్నాయో!" తమ్ముడు గుమ్మం దాటి ఆకాశంలోకి మెడ సాచాడు. అటూ ఇటూ ఇళ్లల్లోంచి కూడా జనం బయటికొచ్చారు, ఊరేగింపు చూడ్డానికి వచ్చినట్టు. ఏడాదిగా వింటున్న జపాన్ విమానం ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు మరి.

అన్న వెనకనుంచి వచ్చి తమ్ముడి మెడ పట్టి నేలకేసి అదిమాడు. కంకర రాళ్లు మొహానికి గుచ్చుకున్నాయి.

"తలెత్తకు! నీకు దణ్ణం పెడతాను రా, తలెత్తకు!"

ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఆ గొంతు అలా వణకడం తమ్ముడు అదే మొదటిసారి విన్నాడు.

*

దాదాపు ఏడాది కిందట, 1941 డిసెంబరు 23. రంగూన్ రేవు.

పొద్దున్న పది గంటల ప్రాంతం. ఎండ అప్పుడే ఎక్కుతోంది. బస్తాలు మోసే కూలీల వీపుల మీద చెమట, నూకదుమ్ము కలిసి చారలు కట్టాయి. సగానికి సగం మంది తెలుగువాళ్లే. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి తీరాల్లో పడవెక్కి, మూడు నాలుగు రోజులు ఓడ డెక్కు మీద పొర్లి, ఇక్కడ దిగి కండలమ్ముకునేవాళ్లు. బర్మావాళ్లు వీళ్లని కోరంగీలు అంటారు. 1839 తుఫాను ఊడ్చేసిన కోరంగి రేవు పేరు అలా రంగూన్ వీధుల్లో మిగిలింది. అప్పటి రంగూన్ జనాభాలో సగం పైన మనదేశం వాళ్లే.

సైరన్ మోగింది. ఎవరూ పరిగెత్తలేదు.

పైన విమానాలు బారులు తీరాయి. వాటిమీదికి ఇటునుంచి చిన్న విమానాలు ఎగబడ్డాయి. వీధుల్లో జనం ఆగి, రిక్షాలు ఆగి, డాబాల మీద పిల్లలు ఎగిరెగిరి చప్పట్లు కొట్టి, కూలీలు బస్తాలు దించి నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, గాలిపటాల పందెం చూసినట్టు ఆ ఆకాశయుద్ధం చూస్తూ నిలబడిపోయారు. బాంబులు వాళ్ల మధ్యలో పడ్డాయి. నేల తవ్వే బాంబులు కావు. నేల తాకగానే ముక్కలై నలుదిక్కులా కోసుకుపోయేవి. నిలబడ్డవాళ్లు పోయారు. బోర్లా పడ్డవాళ్లలో కొందరు మిగిలారు.

ఆ ఒక్కరోజే సుమారు రెండు వేలమంది చనిపోయారు. రెండు రోజుల తర్వాత, క్రిస్మస్ నాడు, విమానాలు మళ్లీ వచ్చాయి.

అప్పటికే నగరం నడక మొదలెట్టింది.

ఓడ టిక్కెట్టు కొనగలిగినవాళ్లు ఓడెక్కారు. కూలీకి మిగిలింది కాళ్లు. ప్రోమ్ దాకా రోడ్డు. అక్కడినుంచి టౌంగుప్ కనుమ మీదుగా అడవి. ఆపైన అక్యాబ్, చిట్టగాంగ్. కలరా. నీళ్లు లేవు. దారి పక్కన కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఉండిపోయారు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కేనాటికీ ఆ తర్వాతా కలిపి, నాలుగయిదు లక్షలమంది అలా బర్మానుంచి మనదేశంలోకి కాలినడకన వచ్చారని అంచనా. దారిలో రాలినవాళ్లు పదివేలల్లో. వాళ్లని ఎవరూ సరిగ్గా లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాల్సినవాళ్లు ముందే వెళ్లిపోయారు.

టికియాపారా అరుగు మీద నిద్రపోని ఆ మనిషి ఆ నడకలోనే వచ్చాడు. ఈ అన్నదమ్ముల పేర్లు ఏ రిజిస్టర్లోనూ దొరకవు. ఆ దారుల్లో నడిచిన, ఈ పట్టాల పక్కన బతికిన వేలమంది తెలుగు కూలీల బతుకుల్లోంచి కూర్చిన మనుషులు వీళ్లు. వీళ్లు దాటొచ్చిన తేదీలు మాత్రం అన్నీ నిజం.

ఆ రాత్రి కందకంలో కూర్చున్నప్పుడు తమ్ముడికి ఇవేవీ తెలీవు. అన్న ఎందుకు ఏడుస్తున్నాడో అర్థంకాలేదు.

*

కందకంలో మోకాలి లోతు చలి. అడుగున బురద. పాతికమంది ఉండాల్సిన చోట యాభైమంది. పసివాడి నోటికి తల్లి కొంగు అడ్డం పెట్టింది. ఏడిస్తే విమానానికి వినిపిస్తుందని ఎవరో చెప్పారు.

ముందు విమానాల మోత. దూరంగా, బరువుగా, తిరగలి తిప్పినట్టు. ఆ తర్వాత ఫిరంగులు. ఆ తర్వాత ఇంకో చప్పుడు. అది చెవికి కాదు, అరికాళ్లకి తెలిసింది. కందకం గోడనుంచి మట్టి జలజలా రాలి జుట్టులో పడింది.

"మన స్టేషనేనా?" ఎవరో హిందీలో అడిగారు.

"కాదు. నదికి అవతల," అన్నాడు అన్న. కళ్లు మూసుకునే ఉన్నాడు. "దూరం."

అతను చప్పుడుని బట్టి దూరం చెప్పగలడని ఆ రాత్రే బస్తీకి తెలిసింది. తర్వాతి రాత్రుల్లో అందరూ అతని మొహం చూశాకే ఊపిరి తీసుకున్నారు.

చాలాసేపటికి ఒకే స్థాయిలో, తెంపు లేకుండా సైరన్ మోగింది. ఇక బయటికి రావొచ్చు. ఇంటికెళ్లేసరికి కుంపటి మీద అన్నం మాడి బొగ్గయింది. మాడు గీకి పిల్లాడికి పెడుతూ ఆమె అంది: "ఊరెల్లిపోదారయ్యా. రేపు తెల్లారే రైలుకి ఎల్లిపోదారి. ఇక్కడేటున్నాది మనకి?"

మొగుడు అన్న వైపు చూశాడు.

అన్న నవ్వాడు. ఆ నవ్వు చూడలేక ఆమె తల తిప్పుకుంది.

"ఊర్లో కూడా ఏసినారమ్మా," అన్నాడు.

*

1942 ఏప్రిల్ 6, సోమవారం. విశాఖపట్నం.

రంగూన్ నుంచి నడిచి, చిట్టగాంగ్ మీదుగా కలకత్తా చేరి, హౌరాలో శరణార్థుల రైలెక్కి, పుండ్లు పడ్డ కాళ్లతో అతను ఊరికి చేరి పట్టుమని పదిరోజులు కాలేదు. రేవులో ఏదైనా పని దొరుకుతుందేమోనని పట్నం వచ్చాడు. ఎండ మాడ్చేస్తోంది. డాల్ఫిన్స్ నోస్ కొండ కింద నీళ్లు కదలడం లేదు.

అదే మోత. అదే తిరగలి.

ముందు రోజు కొలంబో. ఈ రోజు ఇక్కడ. బంగాళాఖాతంలోకి చొచ్చుకొచ్చిన జపాన్ నౌకాదళంలో ర్యూజో అనే విమానవాహక నౌక ఉంది. దానిమీంచి లేచిన విమానాలే ఆ రోజు విశాఖ రేవు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ నౌకాదళం ఆ రెండు మూడు రోజుల్లో మన తీరం వెంట సుమారు ఇరవై సరుకు ఓడల్ని ముంచేసింది. విశాఖలో ప్రాణనష్టం కొద్దిమందే. కానీ సాయంత్రానికి ఊరు ఖాళీ. సామాన్లు నెత్తిన పెట్టుకుని, ముసలివాళ్లని ఎడ్లబళ్ల మీద పడుకోబెట్టి, తాళం వేశామో లేదో గుర్తులేక మధ్యదారిలో ఆగి వెనక్కి చూసుకుంటూ, అటు విజయనగరం వైపు, ఇటు అనకాపల్లి వైపు దుమ్ము లేపుకుంటూ జనం కదిలిపోయారు. యుద్ధం ముగిసేలోగా ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా మూటాముల్లె సర్దుకుని గుంటూరు వెళ్లింది.

అతను ఒక్కడే రేవు రోడ్డు మీద బోర్లా పడుకుని ఉండిపోయాడు. చప్పుడు ఆగిపోయి చాలాసేపైంది. ఎవరో వచ్చి భుజం తట్టారు.

"లే మామా. ఎల్లిపోనాయి."

అతను లేవలేదు.

*

డిసెంబరు 21 తెల్లవారుజాము. హౌరా స్టేషన్ వైపు వెళ్లే ప్రతి సందులోనూ మనుషులు.

తమ్ముడిది బెంగాల్ నాగపూర్ రైల్వేలో గ్యాంగ్ పని. పార భుజాన వేసుకుని పట్టాల వెంట వెళ్తూ చూశాడు. వెళ్లిపోతున్నారు. ట్రంకు పెట్టెలు, వంటపాత్రలు, పంజరంలో చిలక. మార్వాడీ కొట్ల గుమాస్తాలు, బీహారీ దర్వాన్లు, వంటవాళ్లు, పాకీవాళ్లు. రైల్లో చోటు దొరకనివాళ్లు గ్రాండ్ ట్రంక్ రోడ్డు పట్టుకుని నడుస్తున్నారు. ఏడాది కిందట రంగూన్ వార్త విన్నప్పుడు ఒకసారి ఇలాగే ఖాళీ అయి, మెల్లగా మళ్లీ నిండిన నగరం ఇది. ఇప్పుడు మళ్లీ లక్షల్లో కదిలింది.

కొత్త హౌరా వంతెన వాళ్ల తలలమీదుగా కనబడుతోంది. 26,500 టన్నుల ఉక్కు. నట్టూ బోల్టూ లేకుండా రివెట్లతోనే బిగించిన గడ్డర్లు మంచులో మునిగి, పైభాగం మాత్రం తేలి ఉంది. ఇంకా తెరవలేదు. జపాన్‌వాడి గురి దానిమీదే అని అందరూ నమ్మారు.

"సెలవు పెట్టి పోదునా?" తమ్ముడు అడిగాడు.

"రైలు నడిపేవోళ్లు పోతే రైలేది?" అన్నాడు గ్యాంగ్ మేస్త్రీ.

క్రిస్మస్ ముందురాత్రి విమానాలు మళ్లీ వచ్చాయి. ఆ తర్వాత మళ్లీ. చనిపోయినవాళ్ల సంఖ్య రంగూన్‌తో పోలిస్తే చాలా చిన్నది. దెబ్బ ఇంకోచోట తగిలింది. నాలుగో రోజునుంచే టికియాపారా సందులో బియ్యం కొట్టు తలుపు తెరుచుకోలేదు. పక్క సందులోదీ అంతే. కొట్టువాళ్లు పారిపోయారు, లేదా పారిపోయామని చెప్పి వెనకగదిలో బస్తాలు దాచుకున్నారు. డిసెంబరు 27న బెంగాల్ ప్రభుత్వం టోకు వ్యాపారుల గోదాముల్లో నిల్వల్ని స్వాధీనం చేసుకుంది. ఫ్యాక్టరీలు, రేవు, రైల్వే ఆగకూడదు. వాటిలో పనిచేసేవాళ్లకి ముందు తిండి పెట్టాలి. అది ప్రభుత్వం లెక్క. ఆ లెక్కలో పల్లెటూరి మనిషి లేడు.

ఆ పల్లెలు అప్పటికే నేలకొరిగి ఉన్నాయి. జపాన్‌వాడు తీరంలో దిగితే చేతికి ఏదీ చిక్కకూడదని, ఆ ఏడాది వేసవి నుంచే డెల్టాలో పదిమందికి మించి పట్టే పడవల్ని సర్కారు లాగేసుకుంది. మిగులు ధాన్యాన్నీ తరలించింది. అక్టోబరు 16న, దుర్గాపూజ సప్తమి నాడు, మిడ్నపూర్ మీద తుఫాను విరుచుకుపడి 14,000 మందికి పైగా పోయారు. శత్రువుకి తెలుస్తుందని ఆ వార్తని రెండు వారాల పైన పత్రికల్లో రానివ్వలేదు. పడవ లేక చేపలు లేవు. పంట ఉప్పునీటి పాలు. ఇక ఇప్పుడు నగరంలో కొట్లు మూతపడ్డాయి.

నవంబరులో బెంగాల్ మణుగు, అంటే ఇప్పటి కొలతలో సుమారు 37 కిలోలు, ముతక బియ్యం తొమ్మిది పది రూపాయలు. మే నెలకి 30 దాటింది. బాంబు వెయ్యకుండానే ఆకలి జనంలోకి దిగుతోంది. దానికి సైరన్ లేదు.

*

1943 జనవరి 15 రాత్రి మాత్రం టికియాపారా కందకంలో మొదటిసారి ఈలలు వినిపించాయి.

దమ్‌దమ్‌లో కొత్తగా దిగిన బ్యూఫైటర్ విమానాలకి చీకట్లో వెతికే రాడార్ ఉంది. ఆర్థర్ ప్రింగ్ అనే సార్జెంటు ఆ రాత్రి ఒకటి తర్వాత ఒకటిగా, నిమిషాల తేడాలో, మూడు జపాన్ బాంబర్లని కూల్చాడు. నాలుగు రోజుల తర్వాత ఆస్ట్రేలియా కుర్రాడు చార్లెస్ క్రాంబీ సొంత ఇంజనుకి మంటలంటుకున్నా వదలకుండా పోరాడి, చివరికి పారాచూట్‌తో దూకాడు. ఆ తర్వాత రాత్రి దాడులు ఆగిపోయాయి.

ఫిబ్రవరి 3న కొత్త వంతెన తెరుచుకుంది. బ్యాండు లేదు, రిబ్బను లేదు. జపాన్‌వాడి చెవిన పడకూడదని చప్పుడు కాకుండా తెరిచారు. ముందుగా ఒక ట్రాం బండి దాటింది. పారిపోయినవాళ్లు మెల్లగా తిరిగొచ్చారు. పిల్లలు సరిగమలతో జపాన్ బాంబు మీద పాట కట్టి సందుల్లో పాడుకున్నారు. పసివాడు కూడా నేర్చుకున్నాడు.

"ఇంక అయిపోనట్టే కదన్నా?" తమ్ముడు అడిగాడు.

అన్న జవాబు చెప్పలేదు. రైలు కట్ట కింద, కంచె పట్టుకుని నిలబడ్డ ఒక ఆడమనిషిని చూస్తున్నాడు.

*

మొదట ఒక్కరే వచ్చారు. జూన్, జూలైకి వందలు. మిడ్నపూర్ నుంచి, ఇరవైనాలుగు పరగణాల నుంచి. పట్టాలే వాళ్లకి దారి. పట్టాల వెంట నడిస్తే కలకత్తా వస్తుందని వాళ్లకి తెలుసు. వాళ్లు అన్నం అడగలేదు. అన్నం అడిగితే ఎవరూ పెట్టరని ముందే తెలిసిపోయింది. "ఫేన్" అన్నారు. ఒక్క మాటే. ఇంటి ముందు నిలబడి, గొంతులో తడి లేక, "ఫేన్ దావ్ మా."

"ఏటి అడుగుతన్నారు బావా?"

"గంజి," అన్నాడు పెద్దాయన. "గంజి అడుగుతన్నారు."

ఆమెకి చేతులాడలేదు. ఉత్తరాంధ్ర పల్లెలో పుట్టిన మనిషికి గంజి అంటే తెలుసు. కరువు రోజుల్లో అదే అన్నం. రైల్వే నౌకర్లకి చవక ధరకి బియ్యం అందుతోంది. ఆ బియ్యంతోనే ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. అదే సర్కారు, అవే పట్టాలు. కంచెకి ఇటువైపు కొలిచి పోసిన బియ్యం, అటువైపు సత్తు డబ్బా. ఆ రోజునుంచి ఆమె గంజి వార్చి పారబోయలేదు. ఉప్పు గల్లు వేసి, గుమ్మంలో పెట్టేది. వర్షాకాలానికి గుమ్మంలో డబ్బాల వరస. కొన్ని పొద్దుల్లో ఒక డబ్బా ముందుకి వచ్చేది కాదు. పట్టుకున్న చెయ్యి లేచేది కాదు.

ఆ ఏడాది, ఆ తర్వాతి ఏడాది బెంగాల్లో ఆకలికి, ఆకలి వెంట వచ్చిన జ్వరాలకి పోయినవాళ్లు 30 లక్షల దాకా ఉంటారని అంచనా.

శీతాకాలం రాకముందే సర్కారు వీధుల్లో పడున్నవాళ్లని లారీలెక్కించి నగరం బయటికి తరలించింది. నగరం శుభ్రంగా కనబడాలి. తప్పించుకున్నవాళ్లు రైలు కట్టల వెంట మిగిలారు. కంచె దగ్గరి ఆడమనిషి అలా మిగిలింది. వచ్చినప్పుడు ఇద్దరు పిల్లలు. ఇప్పుడు ఒకడు.

*

1943 డిసెంబరు 5. మళ్లీ ఆదివారం. ఈసారి పట్టపగలు.

అన్నం ఉడికింది. ఆమె గిన్నెకి మూత పెట్టి, గుడ్డతో పట్టుకుని వంచింది. గంజి ఆవిరి మొహానికి కొట్టింది. కంచె దగ్గర డబ్బా చాచిన చెయ్యి.

సైరన్.

దాదాపు పదకొండు నెలలుగా ఆకాశాన్ని మరిచిపోయిన బస్తీ ఒక్క క్షణం అర్థంకాక నిలబడింది. ఆ తర్వాత కందకాల వైపు పరుగు. వానాకాలం నీళ్లకి సగం కందకాలు కూలిపోయి ఉన్నాయి. నదికి దిగువన కిద్దర్‌పూర్ రేవు మీద ఆ మధ్యాహ్నం పడబోయే బాంబులకి వందలమంది పోతారు, అందులో ఎక్కువమంది కూలీలు. జనవరిలో మూడు బాంబర్లని కూల్చిన ప్రింగ్ కూడా ఆ పూటే చనిపోతాడు. టికియాపారాకి ఇంకా అవేవీ తెలీవు. పైన మోత మాత్రం వినిపిస్తోంది.

"బేగి రా! ఒదిలీ ఆ గిన్నె!" మొగుడు పసివాణ్ణి చంకనేసుకుని కందకంలోంచి అరిచాడు.

అన్న నేలమీద బోర్లా పడున్నాడు. రంగూన్‌లోలాగే, విశాఖలోలాగే. చెంప మట్టికి ఆనించి, కంచె వైపు చూశాడు.

అందరూ తలలు దించుకున్నారు. కొందరు ఆపుకోలేక తలెత్తి ఆకాశంలోకి చూశారు. కంచె దగ్గరి ఆడమనిషి తల దించనూ లేదు, ఎత్తనూ లేదు. ఆమె కళ్లు గిన్నె మీద ఉన్నాయి. డబ్బా పట్టిన చెయ్యి అలాగే చాచి ఉంది.

ఇంటావిడ ఒకసారి కందకం వైపు చూసింది. ఒకసారి చేతిలోని గిన్నె చూసుకుంది.

అన్న మోచేతుల మీద లేచాడు. మోకాళ్ల మీదికి వచ్చాడు. లేచి నిలబడ్డాడు.

"ఇలాగియ్యమ్మా," అని చేతులు చాచాడు. "కాలతాది, గుడ్డతో ఇయ్యి."

గిన్నె రెండు చేతులా పట్టుకుని, ఒలకకుండా, చిన్న అడుగులు వేసుకుంటూ అతను కంచె వైపు నడిచాడు.